కార్యాలయ ప్రహసనములు : కుటుంబ శబ్దార్థ విచారము

ప్రహసనము దశరూపకములలో నొకటి. భరతుఁడు దానిని శుద్ధమనియు సంకీర్ణమనియు రెండు విధములుగా విభజించెను. కపటతాపసులు, ధూర్తులు, విటులు మొదలగువారి నడవడి యందు నగుఁబాటునకు విషయము. మహేంద్రవర్మ రచించిన మత్తవిలాసమునఁ గాపాలికుఁడు తన కపాలపాత్రమును గోల్పోయి కాంచీపురవీథులఁ దిరుగును. సామాజికులు నవ్వి యిండ్లకుఁ బోవుదురు. ఆ కాపాలికునితో వారి కేమియు బాంధవ్యము లేదు. రూపకము ముగిసిన పిదప వాఁడు వారి మనస్సులలో నొక నవ్వుగా మాత్రమే నిలుచును.

ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున నమెరికా, ఇంగ్లండు దేశములలో టెలివిజను మూలమున వృద్ధిపొందిన కార్యాలయ ప్రహసనముల స్వరూపము వేఱు. ఇవి యొకనాఁటి రాత్రితో ముగియవు. వారమున కొకమాఱు చొప్పున నేండ్లకొలఁది సాగును. వీనిలోని పాత్రలు కాపాలికులు గారు; గుమాస్తాలు, లెక్కలు వ్రాయువారు, సరకు నమ్మువారు, వారి పై యధికారులు. చూచువారును బహుళముగా నట్టివారే. పగలెల్లఁ గచేరిలోఁ బనిచేసి వచ్చినవాఁడు రాత్రి యింటఁ గూర్చుండి మఱియొక కచేరిని జూచి నవ్వుచున్నాఁడు. ఇట్లు చూడఁగాఁ జూడఁగాఁ దోడియుద్యోగులనుండి యేమి యాశింపవలెను, అధికారినుండి యేమి యాశింపవలెను అను విషయమున నొక సంస్కారము వానికిఁ దెలియకయే యేర్పడును. ఆ సంస్కారమునకు మూలమైన యొక్క శబ్దమును బరీక్షించుట యిచటి యుద్దేశము. ఆ శబ్దము 'కుటుంబము'.

'మన సంస్థ యొక కుటుంబము' అను వాక్యము నేఁడు పెక్కు వర్తకసంస్థలలో వినఁబడుచున్నది. శబ్దవ్యాపారముల దృష్టిచేఁ జూచిన నిది లక్షణ. లక్షణకు మూఁడు హేతువులు కావలయునని యాలంకారికులు చెప్పుదురు. మొదటిది ముఖ్యార్థబాధ, రెండవది ముఖ్యార్థముతో సంబంధము, మూఁడవది రూఢి గాని ప్రయోజనము గాని. గంగయందు గొల్లపల్లె యున్నదన్నప్పుడు ప్రవాహముపైఁ బల్లె నిలువదు గనుక ముఖ్యార్థమునకు బాధ కలిగినది. తీరము ప్రవాహమునకు సమీపము గనుక సంబంధము గలదు. పల్లె చల్లనిది, పావనమైనది యని తోఁపించుట ప్రయోజనము. ఇందుఁ బ్రధానమైన నియమ మేమనఁగా, బాధ తెలిసినవానికే లక్షణ యర్థమగును. బాధ తెలియనివాఁడు గంగ నడుమ నిల్లు కట్టఁబోవును.

కార్యాలయము కుటుంబ మనుటలో బాధ స్పష్టము. కుటుంబమునఁ బుట్టినవానికి నుద్వాసన చెప్పు విధానము లేదు. కొడుకు పనికిమాలినవాఁడైనను నెలకడపట వానికి లెక్క తీర్చి పంపరు. కార్యాలయమున జీతము పనికిఁ బ్రతిఫలము. పని యక్కఱలేనినాఁడు సంబంధము తెగును. ఈ బాధను గార్యాలయ ప్రహసనములు చూపుచున్నవా, కప్పుచున్నవా అను ప్రశ్నయే వాని గుణదోషవిచారమునకుఁ దగిన కొలఁబద్ద.

అమెరికాలో 1970 సెప్టెంబరునుండి 1977 మార్చివఱకు సి.బి.యస్. వారు ప్రసారము చేసిన 'మేరీ టైలర్ మూర్ షో' యీ జాతి ప్రహసనములలో మార్గదర్శకము. మినియాపొలిస్ నగరమున నొక చిన్న టెలివిజను కేంద్రపు వార్తాశాఖ దీనికి రంగము. మేరీ రిచర్డ్స్ అను నవివాహిత యచటికి నుద్యోగార్థినియై వచ్చును. ఆమె కోరిన గుమాస్తాపని యిదివఱకే నిండినదని చెప్పి, లూ గ్రాంట్ అను నధికారి సహాయనిర్మాత యను పెద్దపేరు గల పనిని, వారమునకు 10 డాలర్లు తక్కువ జీతమున కిచ్చును. పేరు పెరిగినది, జీతము తఱిగినది. 1972లోఁ బ్రసారమైన మఱియొక భాగమునఁ దన స్థానమున నింతకుముందున్న పురుషుఁడు వారమునకు 50 డాలర్లు హెచ్చుగాఁ దీసికొనుచుండె నని మేరీకిఁ దెలియును. కారణ మడుగఁగా, వాఁడు పురుషుఁడనియు, వానికిఁ బోషింపవలసిన కుటుంబము గలదనియు నధికారి సమాధానము చెప్పును. ఇచటఁ గుటుంబ శబ్దము వాచ్యార్థముననే యున్నది. ఆ వాచ్యార్థమే యామె జీతము తక్కువ యగుటకు సాకైనది. నవ్వు పుట్టునది యీ విరోధమువలననే.

తుది భాగమునఁ గేంద్రమునకుఁ గ్రొత్తగా వచ్చిన పై యధికారి, వార్తలకుఁ బ్రేక్షకులు తక్కువగా నున్నారని తలఁచి, శాఖలోనివారికి నుద్వాసన చెప్పును. ఆ లోపమునకు నిజమైన కారణమగు టెడ్ బాక్స్‌టర్ అను వార్తాపాఠకుని మాత్రము నిలుపుకొనును. అప్పుడు మేరీ తోడివారిని జూచి, వీరే తన కుటుంబమని పలుకును. అందఱు నొకరి నొకరు కౌఁగిలించుకొందురు. ఆ శబ్దము పలుకఁబడిన సమయము గమనింపఁదగినది. ఏడు శ్రేణుల ప్రహసనమున నీ మాట యుద్యోగములు పోయిననాఁడు సార్థకమైనది. బాధయు లక్షణయు నొక్క దృశ్యముననే ప్రేక్షకుని కన్నులయెదుట నిలిచినవి. పలికినది జీత మిచ్చువాఁడు గాఁడు, జీతము పోయిన స్త్రీ. అందువలన నచటి ప్రయోజనము శుద్ధమైనది. అది తోడివారికిఁ జెప్పిన యోదార్పు మాత్రమే.

ఇంగ్లండున రికీ జర్వేజ్, స్టీఫెన్ మర్చంట్ అను నిరువురు రచించి నడపిన 'ది ఆఫీస్' 2001 జూలైలో బి.బి.సి. రెండవ ప్రసారశాఖయందు మొదలయ్యెను. రెండు శ్రేణులలో 12 భాగములు, 2003 క్రిస్మసునాఁటి విశేషభాగములు రెండు, గ్రంథ మింతియే. స్లౌ పట్టణమున వెర్నమ్ హాగ్ అను కాగితపు వర్తకసంస్థ శాఖ దీనికి రంగము. డేవిడ్ బ్రెంట్ ఆ శాఖకు నధికారి. తాను గ్రిందివారికి ముందు మిత్రుఁడననియు, అధికారము పిదపి మాట యనియు నతఁడు చెప్పుకొనును. మొదటి భాగముననే డాన్ అను నుద్యోగినిపై జిగురుచీటీలు దొంగిలించినట్లు నేరము మోపి, పనినుండి తీసివేసితి నని చెప్పును. ఆమె యేడ్చును. పిదప నది వేళాకోళ మనును. ఆ వేళాకోళము నవ్వు పుట్టింపఁజాలకపోవుటకుఁ గారణము సులభముగాఁ దెలియును. అధికారము గలవాఁడు పలికిన యుద్వాసనపు మాట యెన్నఁడును గేవల వేళాకోళము గానేరదు. అది యేనాఁడైన నిజము కావచ్చును.

శాఖలు కలిసిపోవునేమో, కొందఱి పనులు పోవునేమో యను భయ మా రూపకమున మొదటినుండియుఁ గలదు. రెండవ శ్రేణి కడపట నుద్వాసన బ్రెంటునకే వచ్చును. తన్నుఁ దీసివేయవలదని యతఁడు ప్రాధేయపడును. 2003 నాఁటి భాగములలోఁ బని లేకున్నను బాత కచేరికి వచ్చుచుండఁగాఁ, బై యధికారి యిఁక రావలదని చెప్పును. కార్యాలయమును గుటుంబమని మనసార నమ్మి, గంగ నడుమ నిల్లు కట్టినవాఁ డతఁడే. హాస్యము స్మితము మొదలుకొని యతిహసితమువఱకు నాఱు విధములని భరతుని మతము. ఈ రూపకము ప్రేక్షకుని నతిహసితమునకుఁ గొనిపోక, నవ్వు పెదవులమీఁద నుండఁగనే కరుణమును స్పృశింపఁజేయును. బాధ నెచటను గప్పలేదు. ఇది దీని గుణములలో మొదటిది.

గ్రెగ్ డేనియల్స్ ఈ రూపకము నమెరికాకుఁ దెచ్చెను. ఎన్.బి.సి. వారు దీనిని 2005 మార్చినుండి 2013 మేవఱకు 9 శ్రేణులుగా, 201 భాగములుగాఁ బ్రసారము చేసిరి. స్లౌ స్థానమునఁ బెన్సిల్వేనియాలోని స్క్రాంటన్, వెర్నమ్ హాగ్ స్థానమున డండర్ మిఫ్లిన్, బ్రెంటు స్థానమున మైకేల్ స్కాట్ వచ్చిరి. మొదటి భాగము మూలము ననుసరించినదే. అబద్ధపుటుద్వాసనయు నందుఁ గలదు. తరువాతి శ్రేణులలో నధికారి పాత్ర మాఱినది. స్టీవ్ కరెల్ నటించిన మైకేల్ మూఢుఁడే గాని మెత్తని హృదయము గలవాఁడు, ఆలుబిడ్డలు లేనివాఁడు, క్రింది యుద్యోగులే తనవారని నమ్మువాఁడు. 12 భాగములవఱకు నొకని మూర్ఖత్వమును జూచి నవ్వవచ్చును. 100 భాగములు దాటవలెనన్నఁ బ్రేక్షకుఁడు వానిని బ్రేమింపవలెను. కావున నీ మార్పునకుఁ గవుల స్వభావముకంటె రూపకము యొక్క నిడివియే ప్రధానకారణ మనుట యుక్తము.

జిమ్, పామ్ అను తోడియుద్యోగుల ప్రణయము 2009లోఁ బ్రసారమైన భాగమున నయాగరాయొద్ద వివాహముగా ఫలించును. కచేరివారు పెండ్లికిఁ దరలి వత్తురు. 2011లో మైకేల్ స్క్రాంటన్ వీడి పోవునప్పటి వీడ్కోలు, పెద్దకొడుకును దూరదేశమునకు సాగనంపినట్లుండును. శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుఁడు చెప్పెను. ఇచట హాస్యమునుండి శృంగారమును, దాని వెంట వాత్సల్యమును బుట్టినవి. రసవైవిధ్యమున నమెరికా రూపకము మూలమును మించిన దనుట కభ్యంతరము లేదు.

అయితే బాధ యేమైనది? అది పూర్తిగా లోపింపలేదు. 2005 నాఁటి మూఁడవ భాగమునఁ దక్కువ ఖర్చు గల యారోగ్యపు బీమాను నిర్ణయింపుమని మైకేలునకుఁ బైనుండి యాజ్ఞ వచ్చును. తన పేరు చెడునని యతఁ డా పనిని డ్వైట్ అను క్రిందివానిపైఁ ద్రోయును. 2006 నాఁటి యొక భాగమున గిడ్డంగి పనివారు కార్మికసంఘము పెట్టుకొన నాలోచింపఁగా, జాన్ అను పై యధికారిణి వచ్చి, యట్లు చేసినచో నుద్యోగములు పోవునని హెచ్చరించును. ఆలోచన యచటనే యణఁగిపోవును. తన్నుఁ గుటుంబపుఁబెద్దగా భావించుకొను మైకేల్ ఏమియుఁ జేయఁజాలఁడు. ఈ రెండు భాగములు చూచినవారు బాధను మఱవఁగూడదు, కాని మఱతురు. ఏలయన మఱుసటి వారము మఱల నందఱు తమతమ బల్లలయొద్దఁ గూర్చుందురు. పాత్రలు పోయినచో ధారావాహిక సాగదు గనుక నందలి యుద్వాసనలు బహుళముగా నిలువవు. ఇది కథాధర్మము. ప్రేక్షకుఁడు దీనినిఁ గార్యాలయధర్మమని గ్రహించును. సంస్కార మేర్పడునది యిచటనే.

మఱియొక విషయము. ఉద్యోగుల మొఱలు వినవలసిన టోబీ యను వానిని మైకేల్ ద్వేషించును. ఆ ద్వేషము మాటిమాటికి నవ్వునకు సామగ్రి యగును. నిజమైన కార్యాలయమున స్త్రీకిఁ గాని బలహీనునకుఁ గాని యవమానము జరిగినప్పుడు వారు మొదట నాశ్రయింపవలసినవాఁ డట్టివాఁడే. అతనిని వినోదభంగము చేయువానిగాఁ జూచుట యలవాటైనచో, మొఱపెట్టుకొనువారును వినోదభంగము చేయువారుగానే కనఁబడుదురు. కుటుంబ శబ్దమును స్వీకరించినప్పుడు దాని వెంట గృహచ్ఛిద్రము బయటఁబెట్టరాదను నీతియు వచ్చును. ఈ రెండవ నీతిని రూపకకర్త లుద్దేశింపకపోవచ్చును. శబ్దము మాత్రము దానిని వదలి రాదు.

సంస్కృతనాటకమున జనాంతికము, అపవారితము అను రెండు మర్యాదలు గలవు. త్రిపతాకహస్తము నడ్డుపెట్టి తక్కినవారు విననట్లు మాటలాడుట జనాంతికము. ప్రక్కకుఁ దిరిగి రహస్యము చెప్పుట యపవారితము. పై రెండు 'ఆఫీస్' రూపకములును, కచేరిలోని నిత్యజీవనమును జిత్రించుటకు వచ్చినవారి కెమేరా యెదుట జరుగుచున్నట్లు కల్పింపఁబడినవి. అందువలన నధికారి యసందర్భముగా మాటలాడినప్పుడు మూలమున టిమ్మును, అమెరికా రూపకమున జిమ్మును బల్కక యా కెమేరావంకఁ జూతురు. ఆ చూపు జనాంతికమే. భేద మొక్కటి: ప్రాచీననాటకమున జనాంతికము సహపాత్రతో, ఇచటఁ బ్రేక్షకునితో. అవమాన మెంతటిదైనను దానిని జూచిన సాక్షి యొకఁడు గలఁడనియు, వాఁడు తనవైపువాఁడనియు నా చూపు చెప్పుచున్నది. ఇంతకంటె నేర్పైన హాస్యసాధనము నీ జాతి రూపకములలోఁ గనుట యరుదు.

కాని దీని ఫలము విచారింపఁదగినది. ప్రేక్షకుఁడు తన్ను జిమ్ముతో నభిన్నునిగాఁ దలఁచును. బ్రెంటుతో నభిన్నునిగా నెవ్వఁడును దలఁపఁడు. తనతో నేకాభిప్రాయము గల నేస్తుఁ డొకఁడు ప్రతి కచేరిలో నుండునని యతఁ డాశించును. మఱునాఁడు నిజమైన యధికారి యవమానించినప్పుడుఁ జూచుటకుఁ గెమేరా యుండదు. ప్రక్కబల్లవాఁడు తల వంచుకొని తన పని చూచుకొనును. అచట సాక్షి కావలెనన్న వ్రాఁతయో, సంఘమో, న్యాయస్థానమో యుండవలెను. ఒక చూపుతోఁ దీఱిపోవు నన్యాయము రూపకములోనే కలదు.

ఇందుకు నొక పూర్వపక్షము గలదు. రసానుభవమునఁ బాత్రలు సాధారణీకరణము పొందును. సామాజికుఁడు రంగమును లోకముగా భ్రమింపఁడు. కావునఁ బ్రహసనమునకు నుపదేశశక్తి నారోపించుట యనుచిత మని. ఒకనాఁటి నాటకమునకు నీ వాదము చెల్లును. పునఃపునర్దర్శనమునకుఁ జెల్లదు. అభ్యాసము వాసనను బుట్టించును. అమెరికాలో 2020వ సంవత్సరమున నీ 'ఆఫీస్' రూపకమును బ్రేక్షకులు 5,700 కోట్ల నిమిషములకుఁ బైగాఁ జూచిరని నీల్సన్ సంస్థ లెక్క వేసెను. ప్రసారము ముగిసి యప్పటి కేడేండ్లు. ఆ యేఁడు మహామారి కారణముగా నిజమైన కచేరులు మూఁతపడి యుండెను. కచేరికిఁ బోలేనివారు కచేరిని జూచిరి. ఒంటరితనమున నుండినవారికి నా రూపకము తోడైన దనుట దాని గౌరవమునకే చెప్పవలెను. కాని యట్లు తోడైన దానిని గేవలము మిథ్యయని త్రోసివేయుటయు సాధ్యము గాదు. మనస్సునకుఁ జుట్టమైనది మనస్సున నాశలను నిలుపును.

హిందీభాషలో 2001లో సబ్ టీవీ యందు మొదలైన 'ఆఫీస్ ఆఫీస్' ఈ విచారమునకు మంచి ప్రత్యుదాహరణము. పంకజ్ కపూర్ నటించిన ముసద్దీలాల్ కచేరిలో నుద్యోగి గాఁడు. బల్ల కావలివైపున నిలుచుండు సామాన్యుఁడు. ప్రభుత్వకచేరి మాఱినను నందలి యుద్యోగులు వారే. వారిలో వారికి మైత్రికిఁ గొదువ లేదు. ముసద్దీలాల్ పనిని జెఱచుటలోనే యా మైత్రి వెల్లడి యగును. కార్యాలయము లోపలివారికిఁ గుటుంబమైనప్పుడు బయటివాఁ డేమగునో యా ప్రహసనము చూపినది. పాశ్చాత్య రూపకములలోఁ గాగితము కొనువాని ముఖ మంత తఱచుగాఁ గనఁబడదు.

తెలుఁగువారికి బంధువాచకములు క్రొత్త గావు. బిల్లబంట్రోతును 'బాబాయి' యనియు, తోడిగుమాస్తాను 'అన్నా' యనియు, 'అక్కా' యనియుఁ బిలుచుట యాంధ్ర తెలంగాణముల కచేరులలో నలవాటు. ఇది రూఢిలక్షణ. పిలుచువానికిని బల్కువానికిని బాధ తెలియును. బాబాయి యని పిలిచినవాఁడు వాని యింటఁ జావు జరిగిన మైల పట్టఁడు. వాని యాస్తిలో భాగ మడుగఁడు. పిలుపు నోటిని మృదువు చేయును, అంతటితో సరి. 'సంస్థ యొక కుటుంబము' అనునది యట్టి రూఢి గాదు. ఇది ప్రయోజనవతి. ఎవ్వరి ప్రయోజన మని యడిగి తీరవలెను. ప్రొద్దుపోయిన పిదపఁ బని చేయుమనుటకు, జీతము హెచ్చింపుమని యడుగకుండుటకు, వేఱొక పని వెదకుట ద్రోహముగాఁ దోఁచుటకు నీ శబ్దము తోడ్పడినచో, నది యెవ్వరి లాభమో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

2020 తుదివఱకు నమెరికాలో నీ 'ఆఫీస్' రూపకమును బ్రేక్షకులకుఁ జూపినది నెట్‌ఫ్లిక్స్ సంస్థ. ఆ సంస్థయే 2009లోఁ బ్రకటించిన తన యుద్యోగధర్మముల వ్రాఁతలోఁ, దమది క్రీడాజట్టువంటిదే గాని కుటుంబము గాదని చెప్పెను. ఆ మాట కఠినమే. కాని శబ్దదోషము లేనిది. బాధను దాఁచలేదు. రాత్రి ప్రేక్షకునకుఁ గుటుంబమును జూపి, పగ లుద్యోగికిఁ గుటుంబము లేదని చెప్పుట యొకే గృహమునఁ గలిగినది. వీనిలో నేది వాచ్యమో యేది లక్ష్యమో చూచువాఁ డెఱుఁగవలెను.

ఇది వట్టి పండితచర్చ గాదు. 2022 తుదిని 2023 మొదటను నమెరికాలోని పెద్ద సాంకేతికసంస్థలు వేలకొలఁది యుద్యోగులను దొలఁగించినవి. అచటి యీ వృత్తిలోఁ దెలుఁగువారు పెక్కండ్రు గలరు. హెచ్ 1 బి వీసాపై నున్నవాఁడు పని పోయినచో సాధారణముగా 60 దినములలోపల వేఱు పనినైన వెదకుకొనవలెను, వీసా స్థితినైన మార్చుకొనవలెను, దేశమునైన విడువవలెను. ఇల్లు కొని, బిడ్డలను బడిలోఁ జేర్చినవానికి 60 దినము లెంత! సంస్థను గుటుంబమని నమ్మి ముందుజాగ్రత్త చేసికొననివాని దుఃఖము, మొదటినుండి దానిని జీతపుఁబొత్తుగాఁ దెలిసినవాని దుఃఖముకంటె నధికము. రెండవవానికిఁ బని పోయినది. మొదటివానికిఁ బనితోపాటు చుట్టములును బోయిరి.

కావున నీ మూఁడు పాశ్చాత్య రూపకముల తారతమ్య మిట్లు తేలుచున్నది. రసపుష్టిచే నమెరికా 'ఆఫీస్' అధికము. ఔచిత్యముచే నింగ్లండు రూపకము శ్రేష్ఠము. కుటుంబమను మాటను నమ్మినవాని గతిని గడవఱకుఁ జూపినది. శబ్దప్రయోగముచే 'మేరీ టైలర్ మూర్ షో' తుది దృశ్య మన్నిఁటికిని మేలు. అర్థనిర్ణయమున వక్తృవైశిష్ట్యమును జూడవలెనని మమ్మటుఁడు చెప్పిన సూక్ష్మ మిచటఁ బనికివచ్చును. ఉద్యోగులు తమలోఁ దాము కుటుంబ మనుకొన్నప్పుడు దాని ప్రయోజనము పరస్పరాశ్వాసము, అది కొనియాడఁదగినది. కష్టకాలమున నొకరికొకరు నిలిచిన తోడియుద్యోగులు లోకమున లేకపోలేదు. ప్రహసనములు వారిని జూపి మేలే చేసినవి. ఆ మాటనే జీత మిచ్చువాఁడు పలికినప్పుడు ముఖ్యార్థబాధను ముందుగా స్మరించి, పిదపఁ బ్రయోజనమును వెదకవలెను. నవ్వుట కిది యడ్డు గాదు. బాధ నెఱిఁగి నవ్వినవానికే బ్రెంటు కన్నీరుఁ గనఁబడును, మైకేల్ స్నేహముఁ గనఁబడును. ఈ వివేకముతోఁ జూచినచో నీ రూపకములు ప్రేక్షకునకు నపకారము చేయనేరవని విజ్ఞులు గ్రహింతురు గాక.